డొక్కల కరువుకూ కురిల్ దీవుల అగ్నిపర్వతానికీ లంకె ఉందా?

బ్రాడీపేట_శాస్త్రి
నందన కరువు, డొక్కల కరువు అని మన గుంటూరు జిల్లాలో పెద్దవాళ్లు చెప్పుకునే 1832-33 కరువు గురించే మళ్లీ. అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని చదువుతాం. కారణం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరు రాసినా "వానలు కురవలేదు" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఎందుకు కురవలేదు అన్నది ఎవరూ అడగరు. నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ ఇది.

ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. 1831లో ప్రపంచంలో ఎక్కడో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలిందని శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు, ఏదన్నదే తెలీదు. 2024 డిసెంబరు చివర్లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం బృందం దాన్ని పట్టుకుంది. జపాన్‌కు ఉత్తరాన కురిల్ దీవుల్లో సిముషిర్ అని ఒక దీవి, దాని మీద జవారిత్‌స్కీ అనే అగ్నిపర్వతం. ఆ పేలుడు తర్వాత ఉత్తరార్ధగోళం ఒక డిగ్రీ దాకా చల్లబడిందనీ, ఆ రోజుల్లోనే భారత్, జపాన్, యూరప్‌లలో కరువులొచ్చాయనీ చెప్పారు. అది ఖర నామ సంవత్సరం. మన కరువు ఆ తర్వాతి నందన.

రెండు ప్రశ్నలు. చూసినవాడు ఒక్కడూ లేని పేలుడును 190 ఏళ్ల తర్వాత ఎలా తేల్చారు? మన కరువుకు దాన్ని ముడిపెట్టడం సబబేనా?

మిర్చియార్డు_బాబు
అక్కణ్ణుంచి గుంటూరుకు ఏడు వేల కిలోమీటర్ల పైనే. అక్కడి బూడిద వచ్చి ఇక్కడ వాన ఆపిందంటే నమ్మబుద్ధి కావట్లేదండీ.

తెనాలి_సుబ్బు
ఒక డిగ్రీ చల్లబడితే మనకు మంచిదేగా. మే నెలలో రెంటచింతల వాళ్లనడగండి, ఆ అగ్నిపర్వతానికి గుడి కడతారు.

భూగర్భం
బాబు గారూ, వాన ఆపేది బూడిద కాదు. బూడిద బరువు, చాలావరకు రోజుల్లో, వారాల్లో కిందపడిపోతుంది. అసలు పని చేసేది సల్ఫర్ డయాక్సైడ్ వాయువు. పేలుడు గట్టిదైతే అది మబ్బుల ఎత్తు దాటి స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్తుంది. అక్కడ వాన ఉండదు కాబట్టి కడిగేసేది ఏదీ లేదు. నీటి ఆవిరితో కలిసి సన్నటి సల్ఫేట్ తుంపరగా మారి, ఏడాది రెండేళ్లు భూమి చుట్టూ తిరుగుతూ ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది.

సుబ్బు, ఆ ఒక డిగ్రీ దగ్గరే మనకు దెబ్బ. నైరుతి రుతుపవనం వచ్చేదే నేల సముద్రం కంటే ఎక్కువ వేడెక్కడం వల్ల. ఎండ తగ్గితే నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం అంత త్వరగా చల్లబడదు. రెండింటి మధ్య తేడా తగ్గితే గాలి బలం తగ్గుతుంది, దాంతో వానా తగ్గుతుంది. ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడు ఉపగ్రహాలు కొలిచాయి. సుమారు రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పైకి వెళ్లింది. మర్నాటి ఏడాదికి భూమి సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ పడింది. 1992లో ప్రపంచవ్యాప్తంగా నేల మీద కురిసిన వాన కూడా తగ్గింది.

ఇక శాస్త్రి గారి మొదటి ప్రశ్న. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో ఏటా పడిన మంచు పొర మీద పొరగా పేరుకుపోయి ఉంటుంది. గొట్టంతో దాన్ని నిలువు కడ్డీలా బయటికి తీస్తారు. 1831 నాటి పొరలో గంధకం ఎక్కువగా ఉందని ముందే తెలుసు. ఈ బృందం ఆ పొరను ఇంకా పలచగా చీల్చి వెతికితే అగ్నిపర్వత గాజు పెంకులు దొరికాయి. ఒక్కొక్కటి మన వెంట్రుక మందంలో పదో వంతు. వాటి రసాయన కూర్పు కొలిచి, కురిల్ దీవుల నుంచి పాత రోజుల్లో తెచ్చి జపాన్, రష్యాల్లో భద్రపరిచిన రాళ్ల నమూనాలతో పోల్చారు. జవారిత్‌స్కీతో అతికినట్టు సరిపోయింది. ఆ నమూనాలు తెచ్చినవాళ్లు దేనికోసం తెచ్చారో గానీ పారేయకుండా చీటీ కట్టి ఉంచారు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది అది.

రిటైర్డ్_రెవెన్యూ
ఇలా ఆకాశం మీదికి నెట్టేస్తే ఈస్టిండియా కంపెనీ వాళ్లు తప్పించుకుంటారు. ఒప్పుకోను. వాన తప్పడం ఈ నేలకు కొత్తా? వాసిరెడ్డి, చిలకలూరిపేట, రేపల్లె, సత్తెనపల్లి, రాచూరు జమీందార్లు అప్పటికే అప్పుల్లో ఉన్నారు. రైతు దగ్గర గింజ మిగలకుండా శిస్తు లాగారు. పక్కన కృష్ణ పారుతోంది, కాలువ లేదు. కరువు ముగిసి పన్నెండేళ్లయినా జిల్లా ఆదాయం లేవలేదు కాబట్టే 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారిని పంపించి విచారణ చేయించారు. ఆయన జమీందార్ల దుబారాను, నిర్వాకాన్ని తప్పుపట్టాడు. బెజవాడ ఆనకట్ట 1855కి గానీ పూర్తి కాలేదు. మనుషుల్ని చంపింది వాన లేకపోవడం కాదు, గింజ లేకపోవడం.

కృష్ణలంక_గీత
రెవెన్యూ గారూ, రెండూ నిజం కాకూడదా? వాన ఎందుకు తప్పింది అనేది ఒక ప్రశ్న. తప్పినప్పుడు జనం ఎందుకు చచ్చారు అనేది ఇంకోటి. మొదటిదానికి అగ్నిపర్వతం జవాబైతే, రెండోదానికి కంపెనీ జవాబు. మొదటిది తెలిస్తే రెండోదానిలో వాళ్ల పూచీ ఒక్క గింజంత కూడా తగ్గదు.

రిటైర్డ్_రెవెన్యూ
అలా విడదీసి రాస్తే నాకు పేచీ లేదమ్మా. కలిపి రాస్తేనే పేచీ.

వాతావరణం_బెజవాడ
భూగర్భం గారు చెప్పిన విధానం సరైనదే గానీ, ఒక జిల్లాలో ఒక ఏడాది వాన తప్పడాన్ని ఒకే పేలుడుకు కట్టబెట్టలేం. రుతుపవనం మామూలుగానే ఏడాదికో తీరు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఉంటే అదో లెక్క. గంధకం తుంపర వల్ల వాన తగ్గే అవకాశం పెరిగింది అనొచ్చు, అంతవరకే. ఇప్పుడైతే ఇన్ని వాననీటి కొలమానాలు, రాడార్లు, ఉపగ్రహాలు ఉన్నాయి. 1832లో మన జిల్లా మొత్తానికి వాన కొలిచి రాసే ఏర్పాటే లేదు.

సత్తెనపల్లి_కుర్రాడు
మరి మంగళగిరి కొండ సంగతేంటి? అది ఒకప్పటి అగ్నిపర్వతమనీ, లోపల గంధకం ఉంటుందనీ, దాన్ని చల్లార్చడానికే పానకం పోస్తారనీ చిన్నప్పటినుంచీ వింటున్నాం. వాట్సాప్‌లో నెలకోసారి వస్తుంది. ఇంత దగ్గర్లో అగ్నిపర్వతం పెట్టుకుని జపాన్ దాకా ఎందుకు?

భూగర్భం
తమ్ముడూ, మంగళగిరి, బెజవాడ ఇంద్రకీలాద్రి, ఇవన్నీ తూర్పు కనుమల రాళ్లు. ఖొండలైట్, చార్నకైట్ అంటారు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపం మారిన రాళ్లవి, వందల కోట్ల సంవత్సరాల క్రితం నాటివి. లావా పారి గడ్డకట్టిన జాడలు వేరుగా ఉంటాయి, ఇక్కడ అవి లేవు. కాబట్టి అది అగ్నిపర్వతం కాదు. పానకాలస్వామికి పానకం భక్తితో పోస్తారు. ఆ భక్తికి గంధకం సాక్ష్యం ఎందుకు?

నిజమైన లావా చూడాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి, దుద్దుకూరు క్వారీలకు వెళ్లు. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి బసాల్ట్. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన దక్కన్ లావా అని ఎక్కువమంది అంటారు. రెండు లావా పొరల మధ్య గవ్వలూ శిలాజాలూ ఉన్న పలచటి పొర కనిపిస్తుంది. ఒక లావా వచ్చి చల్లారాక ఇంకోటి వచ్చేలోపు అక్కడ నీళ్లు నిలిచి, జీవం పెరిగిన గుర్తు అది.

సత్తెనపల్లి_కుర్రాడు
సరే, ఈసారి ఆ వాట్సాప్ మెసేజ్ వస్తే ఇదే పెడతా. మా మావయ్య గ్రూపులోంచి తీసేస్తాడు, అయినా పెడతా.

నంద్యాల_టు_బెజవాడ
అగ్నిపర్వత బూడిదే కావాలంటే మా వైపు రండి. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం. సుమత్రాలోని తోబా 74 వేల ఏళ్ల క్రితం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద అక్కడ ఇప్పటికీ పొరగా ఉంది, కొన్నిచోట్ల రెండు మీటర్ల పైన. గాలికి పడింది కొంచెమే, మిగతాది వాన నీటితో కొట్టుకొచ్చి లోయలో చేరింది. తెల్లగా, పిండిలా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా అనిపించి, చివర్లో గరగరలాడుతుంది. ఆ గరుకుదనం గాజు పెంకులదే. దాన్ని తవ్వి అంట్లు తోమే పొడుల్లోకి అమ్మేవాళ్లు. తవ్వినచోట గోడలా నిలబడిన పొరను చూసే పురావస్తు శాస్త్రవేత్తలకు పని తేలికైంది. పెట్రాగ్లియా, ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ బృందం బూడిద కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రచురించారు. రెండు వైపులా పనిముట్లు ఒకే తీరులో ఉన్నాయి కాబట్టి ఇక్కడి మనుషులు తోబాను తట్టుకుని బతికారని వాళ్ల వాదన. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, ఆ చర్చ నడుస్తూనే ఉంది.

తెనాలి_సుబ్బు
బనగానపల్లె అంటే మామిడిపండ్లే అనుకున్నా ఇన్నాళ్లూ.

కృష్ణలంక_గీత
అంటే 74 వేల ఏళ్ల కిందటి దానికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం ఉంది. 190 ఏళ్ల కిందటి దానికి గ్రీన్‌లాండ్ దాకా పోవాల్సొచ్చింది.

ఏలూరురోడ్డు_పుస్తకాలు
గీత గారు అన్న మాట దగ్గరే ఆగుదాం, నేను చెప్పదలుచుకున్నది అదే. 1831లోనే ఇంకో అగ్నిపర్వతం కూడా పేలింది. జులైలో సిసిలీకీ ట్యునీసియాకీ మధ్య సముద్రంలోంచి కొత్త దీవి లేచింది. యూరప్ ముంగిట్లో కాబట్టి ఓడలు వెళ్లాయి, బొమ్మలు గీశారు, బ్రిటన్, ఫ్రాన్స్, సిసిలీ రాజ్యం "మాదంటే మాది" అని కొట్టుకున్నాయి. ఈలోపు ఆర్నెల్లకే అలలు దాన్ని తినేశాయి. ఆ ఏడాది ఆగస్టులో ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల సూర్యుడు నీలంగా, ఆకుపచ్చగా కనిపించాడని రాసి ఉంది. ఆ రంగులకూ ఆ చలికీ ఈ సిసిలీ దీవే కారణమని మొన్నమొన్నటిదాకా కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. ఎందుకంటే రాసి ఉన్నది దాని గురించే. సిముషిర్‌లో చూసేవాడు లేడు, రాసేవాడు లేడు. సాక్ష్యం ఎక్కడ ఉంటే అనుమానం అక్కడికి పోయింది.

దీని పక్కన 1883లో ఇండోనేషియాలో పేలిన క్రకటోవా అగ్నిపర్వతాన్ని పెట్టి చూడండి. ఆగస్టు 27 ఉదయం పది దాటాక అసలు పేలుడు. బటావియా (ఇప్పటి జకార్తా) గ్యాసు ఫ్యాక్టరీలో ఒత్తిడి కొలిచే గేజీ మీద ఆ దెబ్బ గీతగా పడింది. 4,800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో పోలీసు అధికారి ఫిరంగులు పేలుతున్నాయనుకుని ఆ సంగతి నమోదు చేశాడు. ఆ గాలి అల భూమిని మూడుసార్లకు పైగా చుట్టినట్టు ఊరూరా ఉన్న బారోగ్రాఫ్ (గాలి ఒత్తిడిని గీతగా గీసే యంత్రం) కాగితాల మీద తేలింది. డచ్ గనుల ఇంజనీరు వెర్బీక్ దీవులన్నీ తిరిగి చనిపోయినవాళ్ల లెక్క, బూడిద మందం, అలల ఎత్తు రాసుకుని 1885లో పుస్తకం తెచ్చాడు. మృతులు 36,417 మంది. ఎక్కువమంది సునామీకే పోయారు. లండన్ రాయల్ సొసైటీ ఒక కమిటీ వేసి, "మీరు చూసింది, విన్నది రాసి పంపండి" అని 1884లో పత్రికల ద్వారా జనాన్ని అడిగింది. దాని నివేదిక 1888లో వచ్చింది.

మన తీరం కూడా అందులో ఉంది. సర్వే ఆఫ్ ఇండియా మేజర్ బేర్డ్ మన రేవుల్లోని అలల కొలమానాల గీతలు తీసి పరిశీలించాడు. నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం. సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా ఉదయించాడు. క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసర్ మిచీ స్మిత్ దాన్ని స్పెక్ట్రోస్కోపుతో చూసి, ఏ రంగు ఎంత తగ్గిందో రాసిపెట్టాడు. తర్వాత కొడైకెనాల్ అబ్జర్వేటరీకి మొదటి డైరెక్టరు ఆయనే.

1831కీ 1883కీ మధ్య యాభై రెండేళ్లే. ఒకదానికి వెంట్రుకలో పదో వంతు పెంకు తప్ప సాక్షి లేదు. ఇంకోదాని గురించి ఇవాళ నిమిషాలతో సహా చెప్పగలుగుతున్నాం.

మిర్చియార్డు_బాబు
ఇది చదివాక మాత్రం సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం వాతావరణం గారి మాట మీద ఆపుకున్నా.

వాతావరణం_బెజవాడ
క్రకటోవా గాలి అల లాంటిదాన్ని నేను నా గదిలోనే చూశాను. 2022 జనవరి 15న పసిఫిక్‌లోని టోంగా దేశంలో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలింది, మన టైము ప్రకారం పొద్దున పావు తక్కువ పది. డాబా మీద పెట్టుకున్న చిన్న వాతావరణ యంత్రం నిమిషానికోసారి గాలి ఒత్తిడి రాస్తుంది. ఆ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, ఏ గాలీ మబ్బూ లేకుండానే, గీత ఒక్కసారి నిటారుగా లేచి, అంతకంటే కిందికి దిగి, మళ్లీ మామూలైంది. మొత్తం ఎగుడుదిగుడు ఒకటి రెండు హెక్టాపాస్కల్స్. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీలేదు, టీవీ చూస్తున్నారు. పన్నెండు వేల కిలోమీటర్లు వచ్చిన అల అది. మర్నాడు పొద్దున పదిన్నరకు రెండో వైపు నుంచి చుట్టి వచ్చిన అల ఇంకా సన్నగా కనిపించింది. ఆ ఫైలు ఇప్పటికీ దాచుకున్నాను. చెన్నైలో కూడా చాలామంది పట్టుకున్నారు.

ఆ పేలుడులో ఇంకో విచిత్రం ఉంది. గంధకం తక్కువ, నీటి ఆవిరి ఎక్కువ. సుమారు 14.6 కోట్ల టన్నుల నీరు స్ట్రాటోస్ఫియర్‌లోకి పోయింది. కాబట్టి పినటుబోలా భూమిని చల్లబరచలేదు. పేలుడు పెద్దదైనంత మాత్రాన వాన పోతుందని అనుకోకూడదు, ఏం వెళ్లగక్కింది అన్నది చూడాలి.

పటమట_పైలట్_నాన్న
2025 నవంబరులో ఇథియోపియాలో హేలి గుబ్బి పేలినప్పుడు బూడిద మేఘం గుజరాత్, రాజస్థాన్ మీదుగా ఢిల్లీ దాకా వచ్చింది. కొన్ని విమానాలు రద్దు చేశారు. మావాడు గాల్లో ఉంటాడు కాబట్టి ఆ రెండ్రోజులూ ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ గాజు పొడి ఇంజన్‌లోకి పోతే వేడికి కరిగి బ్లేడ్లకు అతుక్కుంటుంది. ఎక్కడ బూడిద ఉందో ఎప్పటికప్పుడు మ్యాపులు ఇచ్చే కేంద్రాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ మ్యాపులు గీసేవాళ్లకు రోజూ దణ్ణం పెట్టుకుంటా.

తపాలా_తాతయ్య
యంత్రాలు లేకపోయినా రాయొచ్చు. జపాన్‌లో హొక్కైదో దీవిలో మిమత్సు మసావో అని ఒక పోస్ట్‌మాస్టర్. 1943 చివర్లో ఉసు కొండ పక్కన భూకంపాలు మొదలయ్యాయి. తర్వాత గోధుమ చేలు పైకి ఉబ్బడం మొదలెట్టాయి. యుద్ధకాలం, శాస్త్రవేత్తలు రాలేరు, ప్రభుత్వం విషయం బయటకు పొక్కనివ్వలేదు. ఫిల్ము దొరకదు. ఈయన పోస్టాఫీసు వెనక అడ్డంగా దారాలు కట్టి, చూసేటప్పుడు తల కదలకుండా గడ్డం ఆనించడానికి ఒక ఆధారం పెట్టుకుని, కొండ అంచు ఏ దారం దాకా వచ్చిందో కాగితం మీద గీసుకుంటూ పోయాడు. 1945 దాకా గీశాడు. కొత్త కొండ పొలంలోంచి పుట్టి పెరగడం మొత్తం ఒకే పటంలో కనిపిస్తుంది. 1948లో ఓస్లోలో జరిగిన అంతర్జాతీయ సభలో దాన్ని చూసి శాస్త్రవేత్తలు తలలూపారు. ఆ పటానికి ఆయన పేరే పెట్టారు. ఆ కొండను పాడుచేయకుండా కాపాడాలని భూమి కొనేశాడు కూడా. ఆ కొండ పేరు షోవా షిన్‌జాన్, ఎత్తు 398 మీటర్లు.

నేను తపాలా శాఖలో పనిచేసినవాణ్ని. కౌంటరు దగ్గర జనం ఆగరు, టెలిగ్రాం పని ఆగదు, సాయంత్రానికి లెక్క కుదరాలి. ఆ పని చేసుకుంటూనే రోజూ అదే చోట నిలబడి అదే దారాల్లోంచి చూశాడంటే, ఆ మనిషి మీద నాకున్న గౌరవం చెప్పలేను.

రిటైర్డ్_రెవెన్యూ
తాతయ్య గారూ, ఇది మా కరణాలకూ వర్తిస్తుంది. ఊళ్లో ఏ చేను పండింది, ఏది ఎండింది అని రాసింది వాళ్లే.

బ్రాడీపేట_శాస్త్రి
రెవెన్యూ గారి మాట పట్టుకునే అడుగుతున్నా. పాత కరణీకం కుటుంబాలవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఖర, నందన, విజయ సంవత్సరాల నాటి కాగితాలో తాటాకులో ఇంట్లో ఉంటే చూడండి. వాన ఏ నెలలో పడింది, ధాన్యం ధర ఎంత, ఎండ మసకగా ఉందా, సూర్యుడి రంగు మారిందా, ఇలాంటి ఒక్క వాక్యం దొరికినా చాలు. వాతావరణం గారు అడిగిన కొలత మనకు లేదు గానీ మాట ఉండొచ్చు.

రేపల్లె_వెంకట్
మా తాతగారి ఇంట్లో అటక మీద తాటాకు కట్టలు ఉన్నాయి. ఒకదాని మొదట నందన అని చదవగలిగాను, మిగతాది గొలుసుకట్టు, నాకు రావట్లేదు. ఆకులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. విప్పితే విరిగేలా ఉన్నాయి. పసుపు రాసి విప్పమని అమ్మ అంటోంది.

ఏలూరురోడ్డు_పుస్తకాలు
వెంకట్ గారూ, దయచేసి విప్పకండి. పసుపు, నూనె, నీళ్లు ఏవీ వద్దు. అతుక్కున్నవాటిని పరిరక్షణ తెలిసినవాళ్లే విడదీయాలి. విడిగా ఉన్న ఆకుల వరకు ఫోటోలు తీయండి. ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన పెట్టి వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా చూసుకుంటే, సిరా పోయినా గంటంతో గీసిన గాట్లు నీడలో కనిపిస్తాయి. ప్రతి ఆకూ రెండు వైపులా తీయండి, పక్కన స్కేలు పెట్టండి. కట్టలో ఏ వరసలో ఉన్నాయో ఆ వరస చెడగొట్టకండి.

రిటైర్డ్_రెవెన్యూ
గొలుసుకట్టు నేను చదువుతాను. ముప్పై ఏళ్లు అవే చదివా. ఫోటోలు ఇక్కడే పెట్టు బాబూ, ధాన్యం కొలతలు పుట్టి, తూము, కుంచం అని ఉంటాయి, వాటిని నువ్వు మార్చకు, ఉన్నవి ఉన్నట్టే రాద్దాం.

రేపల్లె_వెంకట్
ఆదివారం ఊరెళ్తున్నా. మొదట విడిగా ఉన్నవి తీసి పెడతాను.